ఘాట్ ఎక్కని పాత బండి: తప్పు టర్బోదా, మ్యానిఫోల్డ్‌దా?

అలిపిరి దాటి తిరుమల రెండో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మూడో గేరులో సాఫీగా పోవాల్సిన బండి రెండో గేరుకు దిగి, వెనక నల్లటి పొగ వదులుతూ, పక్కకు ఒదిగి బస్సులకు దారిస్తూ పోతోందంటే షెడ్డులో వినిపించే మొదటి మాట "టర్బో పోయింది". టర్బో అంటే పొగ బలంతో తిరిగి, ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే చక్రాల జత. రెండో మాట దాని రేటు. ఈ రెండు మాటల మధ్య చేయాల్సిన పరీక్షలు అరడజను దాకా ఉన్నాయి. వాటిలో చాలావాటికి స్పానర్లు, టార్చిలైటు, సబ్బు నీళ్లు ఉంటే చాలు. అవి చేయకుండా టర్బో మార్చిన బండి నెలా రెండు నెలల్లో మళ్లీ అదే షెడ్డు ముందు నిలబడటం మామూలే. ఎందుకంటే టర్బో తనంతట తానుగా చెడేది తక్కువ. నూనె అందకో, దుమ్ము తినో, వేడికి మాడో చెడుతుంది. ఇంకా తమాషా ఏమిటంటే, టర్బో నిక్షేపంగా ఉండి, దానికి పొగను చేర్చే మ్యానిఫోల్డ్ పగిలినా లక్షణాలు అచ్చం టర్బో పోయినట్టే ఉంటాయి.

ఇక్కడ చెప్పేది పది, పదిహేనేళ్లు తిరిగిన డీజిల్ బండ్ల గురించి. బొలెరో డీఐ, టర్బో ఉన్న సుమో, టవేరా, పాత స్కార్పియో, ఇంకా మొగిలి ఘాట్ మీదుగా పలమనేరుకు, భాకరాపేట ఘాట్ మీదుగా పీలేరుకు లోడు లాగే పికప్‌లు. కొలతలు బండిని బట్టి మారతాయి కాబట్టి కింద ఇచ్చిన అంకెలను ఉజ్జాయింపు లెక్కలుగా తీసుకోండి. చివరి మాట ఆ ఇంజన్ మాన్యువల్‌దే.

ముందు ఒక అపోహ. "కొండపైన గాలి పలచన, అందుకే లాగడం లేదు" అంటారు. తిరుమల సముద్ర మట్టానికి 853 మీటర్ల ఎత్తున ఉంది. కింద తిరుపతితో పోలిస్తే అక్కడ గాలి పీడనం 8 శాతం వరకు తగ్గుతుంది. టర్బో లేని బండికి ఆ మేరకు బలం తగ్గుతుంది. టర్బో ఉన్న బండిలో కంప్రెసర్ ఇంకాస్త వేగంగా తిరిగి ఆ లోటును చాలావరకు పూడుస్తుంది. ఇక బండి మొదటి మలుపుల్లోనే ఆయాసపడుతోందంటే ఎత్తుకు అసలు సంబంధమే లేదు. ఘాట్ చేసే పని వేరు. మైదానంలో డ్రైవరు నిమిషానికోసారైనా యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాడు, ఇంజన్ ఊపిరి పీల్చుకుంటుంది. ఘాట్‌లో ఆ విరామం ఉండదు. దానికితోడు 1944లో తెరిచిన మొదటి ఘాట్ ఇప్పుడు దిగడానికి, 1970ల్లో వచ్చిన రెండో ఘాట్ ఎక్కడానికి. ట్యాక్సీ బండి రోజుకు రెండు ట్రిప్పులు వేసిందంటే మ్యానిఫోల్డ్ రెండుసార్లు కాగి, రెండుసార్లు చల్లారినట్టే. పోత ఇనుమును పగలగొట్టేది వేడి ఒక్కటే కాదు, ఈ కాగడం చల్లారడం.

ఎవరి పని ఏమిటి

సిలిండర్ల నుంచి వచ్చే పొగ మ్యానిఫోల్డ్‌లో కలిసి టర్బైన్ చక్రాన్ని తోస్తుంది. అదే ఇరుసు రెండో చివర ఉన్న కంప్రెసర్ చక్రం ఎయిర్ ఫిల్టర్ నుంచి గాలి లాగి, నొక్కి, ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచే జాలి) ఉంటే దాని గుండా ఇంజన్‌లోకి నెడుతుంది. చిన్న డీజిల్ బండ్లలో ఈ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. అంత వేగాన్ని బాల్ బేరింగులతో కాకుండా, ఈ బండ్లలో ఎక్కువగా ఇత్తడి రంగు బుష్‌లతో, పలచటి నూనె పొరతో మోస్తారు. ఇరుసు బుష్‌ను తాకదు, నూనె మీద తేలుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే టర్బో జబ్బుల్లో సగం అర్థమైనట్టే.

ఇప్పుడు మ్యానిఫోల్డ్ దగ్గర చిన్న చీలిక ఉందనుకుందాం. టర్బైన్‌ను తోయాల్సిన పొగలో కొంత బయటికి పోతుంది. ఇరుసు వేగం తగ్గుతుంది, బూస్ట్ (టర్బో నొక్కి పంపే గాలి పీడనం) తగ్గుతుంది, గాలి తక్కువ వస్తుంది. బూస్ట్‌ను చూసి డీజిల్ తగ్గించే ఏర్పాటు లేని పాత మెకానికల్ పంపు మాత్రం డీజిల్ అంతే పోస్తుంది. గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ అయితే నల్ల పొగ, దాంతోపాటు పొగ వేడి పెరగడం. ఆ వేడికి చీలిక ఇంకాస్త సాగుతుంది. అందుకే ఈ జబ్బు నిలకడగా ఉండదు, ఒక స్థాయి దాటాక వారాల్లోనే ముదురుతుంది. కామన్ రైల్ బండ్లలో (కంప్యూటర్ అదుపులో, ఎక్కువ పీడనంతో డీజిల్ కొట్టేవి), బూస్ట్ చూసే పంపు ఉన్న బండ్లలో కథ కాస్త మారుతుంది. గాలి తగ్గిందని గమనించి డీజిల్ కూడా తగ్గించేస్తాయి. కాబట్టి పొగ పెద్దగా రాదు, లాగడం మాత్రం ఉండదు. "పొగ లేదు కాబట్టి గాలి సమస్య కాదు" అనుకుని, డీజిల్ చల్లే ఇంజెక్టర్లు విప్పేది ఇక్కడే.

పొగ రంగు, శబ్దం

నల్ల పొగ అంటే గాలి చాలలేదని అర్థం. ఫిల్టర్ మూసుకుపోయిందా, హోస్ చిరిగిందా, మ్యానిఫోల్డ్ లీకా, వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగను టర్బైన్ పక్కనుంచి మళ్లించే తలుపు) తెరిచే ఉండిపోయిందా అన్నది తర్వాత తేలాలి. ఇంజెక్టర్ సరిగా చల్లకపోయినా నల్ల పొగే వస్తుంది, అది మరిచిపోకూడదు. నీలి పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. చల్లని పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వచ్చే తెల్ల పొగ సగం కాలిన డీజిల్ కావచ్చు. వేడెక్కాక కూడా తెల్లగా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే దారి వేరు, హెడ్ (సిలిండర్ల పై మూత) వైపు చూడాలి.

శబ్దం ఇంకా నమ్మదగిన సాక్షి. రాత్రంతా ఆగిన బండిని పొద్దున స్టార్ట్ చేసి బానెట్ ఎత్తి వినండి. ఇంజన్ వేగంతో పాటు పెరుగుతూ "టిక్ టిక్ టిక్" అని వస్తూ, పది నిమిషాలకు ఇంజన్ వేడెక్కేసరికి తగ్గిపోతే అది దాదాపుగా మ్యానిఫోల్డ్ లీకే. వేడికి ఇనుము వ్యాకోచించి చీలిక మూసుకుంటుంది. ట్యాపెట్ (వాల్వును తెరిచే భాగం) శబ్దమని పొరబడి ట్యాపెట్లు సెట్ చేయించేవారు చాలామంది. తేడా తెలియాలంటే ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి చూడటం పాత మెకానికల్ పంపు బండ్లలో కుదురుతుంది. ఆ సిలిండర్ మండటం ఆగగానే టిక్ శబ్దం తగ్గితే లీకు ఆ పోర్టు దగ్గరే. కామన్ రైల్ బండిలో ఈ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ఆ పైపుల్లో పీడనం వెయ్యి బార్ దాటుతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

లోడు మీద "హుస్స్" అని గాలి చీదిన శబ్దం వస్తే కంప్రెసర్ తర్వాతి హోస్ చూడాలి. సైరన్‌లా సన్నగా ఊళ వేస్తూ రోజురోజుకూ పెరుగుతుంటే చక్రం గూడును రాసుకుంటోందేమో చూడాలి. అసలు శబ్దమే లేకుండా లాగడం తగ్గితే వేస్ట్‌గేట్.

గాలి దారి ముందు

విప్పడం ఎప్పుడూ చవకైన వైపు నుంచే మొదలుపెట్టాలి. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, ఎలిమెంట్ కంటే ముందు దాని గూడు లోపలి గోడ చూడండి. ఎలిమెంట్ దాటిన వైపు వేలు పెడితే దుమ్ము అంటిందంటే, ఫిల్టర్ సరిగ్గా కూర్చోలేదు లేదా దాని రబ్బరు అంచు ఎండిపోయింది. కంప్రెసర్ ఆకులను ఇసుక కాగితంతో రుద్దినట్టు అరగదీసేది ఈ దుమ్మే. క్వారీ రోడ్లలో, మామిడి సీజనులో తోటల మట్టి బాటల్లో తిరిగే పికప్‌లకు ఇది ముఖ్యం. గాలి కొట్టే మిషన్‌తో ఎలిమెంట్‌ను ఊది ఊది మళ్లీ వాడటం వల్ల కాగితంలో కంటికి కనిపించని చిల్లులు పడతాయి. ఆదా అయిన ఫిల్టర్ ధర టర్బో బిల్లులో వడ్డీతో వస్తుంది.

తర్వాత హోస్‌లు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు పైపులు కింది వైపునే చిరుగుతాయి, క్లాంపు దగ్గరే చిరుగుతాయి. అంటే పైనుంచి చూస్తే కనపడవు. అందుకే పీడన పరీక్ష. ఫిల్టర్ నుంచి టర్బోకు వచ్చే పైపు విప్పి, టర్బో వైపు నోటికి సరిపడే పీవీసీ మూత బిగించాలి. ఆ మూతకు చిల్లు పెట్టి ట్యూబు వాల్వు అమర్చాలి. గాలి కొట్టే మిషన్‌తో 8 నుంచి 10 పీఎస్ఐ వరకు మాత్రమే ఎక్కించి, ప్రతి జాయింటు మీదా సబ్బు నీళ్లు చిలకరించాలి. నురగ పొంగిన చోటే లీకు. గాలి మొత్తం లోపలికి పోయి పీడనం నిలవకపోతే ఏదో సిలిండర్ వాల్వులు తెరిచి ఉన్నాయని అర్థం. ఇంజన్‌ను కాస్త తిప్పి మళ్లీ చూడాలి. బ్రీతర్ పైపు (ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి పంపేది) టర్బో ముందు పైపులో కలిసే బండ్లలో ఆ కొస కూడా మూయాలి. మూతకు ఎదురుగా నిలబడొద్దు, ఊడితే తూటాలా వస్తుంది.

హోస్ విప్పినప్పుడు లోపల నూనె తడి కనిపిస్తే గాబరా పడాల్సిన పని లేదు. క్రాంక్ కేస్ (ఇంజన్ కింది గూడు) ఆవిరి గాలి దారిలోనే కలుస్తుంది కాబట్టి పలచటి పొర ఉండటం సహజం. ఇంటర్‌కూలర్‌ను వంచితే నూనె ధారగా కారితే మాత్రం ఆలోచించాలి. అప్పుడు కూడా టర్బోను దోషి అనడానికి ముందు ఒక పరీక్ష ఉంది, కింద చెప్తాను.

వేస్ట్‌గేట్ యాక్చువేటర్‌కు (గాలి పీడనంతో ఒక కడ్డీని తోసి ఆ తలుపును కదిపే డబ్బాకు) పోయే సన్నటి హోస్ వేడికి పెళుసుబారి పగులుతుంది. అది పగిలితే బూస్ట్ తగ్గడం కాదు, అదుపు తప్పి పెరుగుతుంది. కడ్డీ తుప్పుపట్టి తెరిచిన స్థితిలో ఆగిపోతే బూస్ట్ రాదు. చిన్న చేతి పంపుతో, గేజ్ పెట్టి మెల్లగా పీడనం ఇస్తే కడ్డీ మాన్యువల్ చెప్పిన పీడనం దగ్గర కదలడం మొదలుపెట్టాలి, వదిలితే తిరిగి రావాలి, పీడనం నిలవాలి. నిలవకపోతే లోపలి డయాఫ్రమ్ (రబ్బరు పొర) పోయింది. బలం కోసం ఆ కడ్డీ నట్టు తిప్పి పొడవు తగ్గించడం మన దగ్గర ఒక అలవాటు. వారం రోజులు బండి బాగా లాగుతుంది. ఆ తర్వాతి ఖర్చు హెడ్ గ్యాస్కెట్‌తో (హెడ్ కింద లీకు ఆపే పలకతో) మొదలవుతుంది.

వేరియబుల్ టర్బో ఉన్న బండ్లలో వేస్ట్‌గేట్‌కు బదులు కదిలే రెక్కలుంటాయి. వాటికి మసి పట్టి బిగుసుకుంటాయి. ఊళ్లో నెమ్మదిగా మాత్రమే తిరిగే బండ్లకు ఈ జబ్బు ఎక్కువ. ఘాట్ ఎక్కే బండ్లకు ఆ విషయంలో కొండ మేలే చేస్తుంది.

టర్బోను విప్పకుండానే పరీక్ష

ఇంజన్ పూర్తిగా చల్లారాక, ఫిల్టర్ వైపు పైపు తీసి, కంప్రెసర్ నట్టును రెండు వేళ్లతో పట్టుకోండి. తిప్పితే చక్రం తడబడకుండా తిరగాలి. పక్కలకు కదిపితే కొద్దిగా ఆడుతుంది. నూనె లేకుండా బుష్‌లో ఆ ఖాళీ ఉండాల్సిందే, అది జబ్బు కాదు. కదిపినప్పుడు ఆకు గూడు గోడను తాకితే జబ్బు. ముందుకు వెనక్కు లాగితే వేలికి ఆట తెలియకూడదు. ఆ దిశలో ఉండాల్సిన ఖాళీ చాలా టర్బోల్లో 0.1 మిల్లీమీటర్ లోపే. డయల్ గేజ్ ఉంటే కొలవండి, లేకపోతే "టక్ టక్" అని చేతికి తెలిసిందంటే, ఇరుసు ముందుకు వెనక్కు జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ అయిపోయినట్టే.

ఆకుల అంచులు చూస్తే టర్బో ఎలా చెడిందో తెలుస్తుంది. అంచులు కొరికినట్టుంటే నట్టో, ఫిల్టర్ ముక్కో లోపలికి పోయింది. అంచులు పలచబడి మెరుస్తుంటే దుమ్ము. విప్పాక ఇరుసు మీద నీలిరంగు మచ్చలుంటే నూనె అందలేదు. బుష్‌ల మీద గీతలుంటే నూనె అందింది కానీ మురికిది. నల్లటి బొగ్గు పెచ్చులుంటే వేడి ఇంజన్‌ను ఆపేయడం అలవాటు.

ఈ చివరి దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తిరుమల చేరాక డ్రైవరుకు పార్కింగ్ దొరికిందన్న ఆనందంలో తాళం తిప్పేస్తాడు. అప్పటిదాకా పూర్తి లోడు మీదున్న టర్బైన్ గూడు వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది. ఇంజన్ ఆగగానే నూనె ప్రవాహం ఆగుతుంది. గూడు వేడి మెల్లగా బేరింగుల వైపు పాకుతుంది. అక్కడ మిగిలిన నూనె మాడి బొగ్గవుతుంది. ఒక్కరోజుకు ఏమీ కాదు. వందల ట్రిప్పులకు ఆ బొగ్గు నూనె పైపు చిల్లును సన్నం చేస్తుంది. ఒక నిమిషం, బాగా లోడుంటే రెండు నిమిషాలు, ఐడిలింగ్‌లో ఉంచి ఆపితే చాలు. ఈ మాట ప్రతి షెడ్డులోనూ చెప్తారు. కారణం చెప్పరు కాబట్టి ఎవరూ పాటించరు. అలాగే వేడిగా ఉన్న ఇంజన్ మీద నీళ్లు కొట్టి కడగడం మ్యానిఫోల్డ్‌ను చేజేతులా పగలగొట్టడమే.

ఇప్పుడు నూనె లీకు పరీక్ష. టర్బోలో ఆయిల్ సీలు అంటే రబ్బరు రింగు అనుకుంటారు. అక్కడుండేది పిస్టన్ రింగు లాంటి సన్నటి ఇనుప రింగు. అది నూనెను ఆపేది తక్కువ. నూనె దానంతటది కిందికి జారిపోవడం మీదే అంతా ఆధారపడి ఉంటుంది. అంటే రిటర్న్ పైపు నలిగినా, బొగ్గుతో పూడుకున్నా, ఆయిల్ లెవెల్ మరీ ఎక్కువైనా, క్రాంక్ కేస్‌లో పీడనం పెరిగినా మంచి టర్బో కూడా నూనె కక్కుతుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి చూడండి. మూత ఎగిరెగిరి పడుతూ పొగ గుప్పుగుప్పున వస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయి లేదా బ్రీతర్ మూసుకుంది. బ్రీతర్ శుభ్రం చేసినా అలాగే ఉంటే కంప్రెషన్ పరీక్ష చేయించాలి. రింగులు అరిగిన ఇంజన్‌కు కొత్త టర్బో పెట్టడం డబ్బు దండగ, అదీ కక్కుతుంది.

ఒక ప్రమాదం ఇక్కడే చెప్పాలి. టర్బో నుంచి నూనె ఎక్కువగా గాలి దారిలోకి పోతే డీజిల్ ఇంజన్ ఆ నూనెనే ఇంధనంగా తాగి, తాళం తిప్పినా ఆగకుండా గోల పెడుతుంది. అప్పుడు బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజన్‌ను నొక్కేయాలి. బండి షెడ్డులో ఉంటే గాలి లాగే నోటిని మందపాటి చెక్కతో మూయాలి. చెయ్యి, గుడ్డ పెట్టకూడదు, రెండింటినీ లాగేసుకుంటుంది.

మ్యానిఫోల్డ్: ఎక్కడ పగులుతుంది, ఎందుకు

పోత ఇనుము ప్రతి డిగ్రీకి మీటరుకు 11 మైక్రాన్ల వరకు సాగుతుంది. 45 సెంటీమీటర్ల మ్యానిఫోల్డ్ 500 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర మిల్లీమీటర్లు పొడవెక్కుతుంది. అది బిగించి ఉన్న హెడ్‌ను నీళ్లు చల్లబరుస్తాయి కాబట్టి అది సాగేది ఆ దూరానికి అర మిల్లీమీటర్ కూడా ఉండదు. మిగతా రెండు మిల్లీమీటర్లు ఎటు పోవాలి? రెండు చివరలకూ. అందుకే మ్యానిఫోల్డ్ చిల్లులు స్టడ్డు (హెడ్‌లో బిగించి ఉండే మర కడ్డీ) కంటే పెద్దవిగా ఉంటాయి. ఇనుము స్టడ్డు చుట్టూ జారాలి. గట్టిగా ఉంటే మంచిదని పొడుగు పైపు తగిలించి బిగిస్తే అది జారలేక చివరి స్టడ్డును కోసేస్తుంది, లేదా తానే మధ్యలో చీలుతుంది. విరిగిన స్టడ్డు ఎప్పుడు చూసినా ఒకటో సిలిండర్ దగ్గరో, నాలుగో సిలిండర్ దగ్గరో ఉండటానికి కారణం ఇదే.

కంటికి కనిపించే గుర్తు మసి. గ్యాస్కెట్ అంచున, టర్బో ఫ్లాంజ్ (బిగించే చదునైన అంచు) దగ్గర, పోర్టుల మధ్య సందుల్లో నల్లటి గీత ఉంటే అక్కడ లీకు. హీట్ షీల్డ్ తీయకుండా చూసి "ఏమీ లేదు" అనడం కుదరదు. ఈ లీకు వాసన క్యాబిన్‌లోకి వస్తుంటే వాయిదా వేయొద్దు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు, ఏసీ వేసుకుని నిద్రపోయే ప్రయాణికులకు ప్రమాదం.

విప్పాక సన్నటి చీలిక దొరకాలంటే పాత పద్ధతే చాలు. మసి పూర్తిగా గీకి, వైర్ బ్రష్ కొట్టి, లోపలి వైపు కిరసనాయిలో డీజిలో పూసి అరగంట ఉంచాలి. బయటి వైపు తుడిచి ఆరబెట్టి సుద్ద పొడి చల్లాలి. చీలిక ఉన్నచోట సుద్ద మీద తడి గీత తేలుతుంది. ఎర్ర రంగు, తెల్ల రంగు స్ప్రేలతో చేసే డై పరీక్ష ఇంతకన్నా మేలు. టర్బైన్ గూడు లోపల, వేస్ట్‌గేట్ చిల్లు చుట్టూ వెంట్రుకంత పగుళ్లు కనిపిస్తే గాభరా వద్దు. పాత గూళ్లలో అవి ఉంటాయి. గోడ దాటి బయటికి వచ్చిన పగులు, లేదా ఫ్లాంజ్ ముఖాన్ని చీల్చిన పగులు అయితేనే మార్చాలి.

విప్పడం, విరిగిన స్టడ్డు

స్టడ్డుల మీద తుప్పు వదిలించే నూనె ముందురోజు రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి కొట్టాలి. నట్టును ఒకేసారి వదులు చేయకుండా కొద్దిగా బిగించి, కొద్దిగా వదిలి, ముందుకూ వెనక్కూ ఆడించాలి. రానంటే నట్టును మాత్రమే గ్యాసుతో ఎర్రగా కాల్చి తిప్పాలి. పక్కనే డీజిల్ పైపులు ఉంటాయని మరిచిపోవద్దు.

విరిగిన ముక్క బయటికి కొద్దిగా ఉంటే దాని మీద పెద్ద నట్టు పెట్టి లోపల వెల్డింగ్ చేస్తే, ఆ వేడికి తుప్పు వదిలి చాలాసార్లు చేత్తోనే వస్తుంది. లోపలికి విరిగితే సరిగ్గా మధ్యలో పంచ్ కొట్టి, సన్నటి బిట్‌తో మొదలుపెట్టి డ్రిల్లింగ్ చేయాలి. ఈజీ అవుట్ (విరిగిన ముక్కను తిప్పి తీసే పనిముట్టు) వాడేటప్పుడు బలప్రయోగం వద్దు. అది విరిగితే మామూలు బిట్ దాన్ని కోయలేదు, హెడ్ దించాల్సి వస్తుంది. మర పాడైతే పెద్ద సైజు మర కోయడం కంటే హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) వేయడం మంచిది. కొత్త స్టడ్డులు వేడికి తట్టుకునే రకమే అయి ఉండాలి. హార్డ్‌వేర్ షాపు మామూలు బోల్టు అదే సైజు కావచ్చు, ఎర్రగా కాగినప్పుడు సాగిపోతుంది.

మ్యానిఫోల్డ్ ముఖం మీద ఉక్కు స్కేలు నిలబెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి ఉక్కు ఆకులు) దూర్చండి. 0.2 మిల్లీమీటర్ల ఆకు దూరితే లేత్ షెడ్డుకు పంపి ముఖం గ్రైండింగ్ చేయించాలి. వంకర అలాగే ఉంచి రెండు గ్యాస్కెట్లు వేయడం పనికిరాదు, నెలలో కాలిపోతాయి.

వెల్డింగ్ పనికొస్తుందా

కొత్త మ్యానిఫోల్డ్ దొరికితే కొత్తదే మేలు. దొరకనప్పుడు, పగులు ఫ్లాంజ్ దగ్గర కాకుండా గొట్టం మీద ఉంటే, తెలిసిన వెల్డర్ చేతిలో నిలుస్తుంది. మామూలు రాడ్‌తో కొడితే ఆ టాకా పక్కనే కొత్త పగులు వస్తుంది. టాకా అంచున ఇనుము గాజులా పెళుసవుతుంది. ఇత్తడి బ్రేజింగ్ ఎగ్జాస్ట్ వేడికి బలం కోల్పోతుంది.

పద్ధతి ఇది. పగులు రెండు కొసల్లో 3 మిల్లీమీటర్ల చిల్లు వేయాలి, లేకపోతే వేడికి పగులు ఇంకా పాకుతుంది. పగులు వెంట గ్రైండర్‌తో వీ ఆకారంలో గాడి తీయాలి. పాత ఇనుము మసినీ నూనెనూ తాగి ఉంటుంది కాబట్టి గాడిని ఒకసారి గ్యాసుతో కాల్చి బ్రష్ కొట్టాలి. మొత్తం మ్యానిఫోల్డ్‌ను 300 డిగ్రీల వరకు సమంగా వేడి చేసి, నికెల్ రాడ్‌తో ఒక్కోసారి అంగుళం మేర మాత్రమే టాకా వేసి, వెంటనే చిన్న సుత్తితో తేలిగ్గా తట్టాలి. పని అయ్యాక పొడి ఇసుకలోనో బూడిదలోనో పాతిపెట్టి మర్నాటిదాకా వదిలేయాలి. సాయంత్రానికి బండి కావాలని ఫ్యాను కింద పెడితే, టంగ్ మని ఒక శబ్దం వస్తుంది. ఆ శబ్దంతో పని మళ్లీ మొదటికొచ్చినట్టే. టాకా వేశాక ముఖం మళ్లీ వంగి ఉంటుంది కాబట్టి గ్రైండింగ్ ఎప్పుడూ వెల్డింగ్ తర్వాతే.

బిగింపు, మొదటి స్టార్ట్

కొత్త గ్యాస్కెట్ పొడిగానే వేయాలి. బిగింపు మధ్య నుంచి చివరలకు, మూడు విడతలుగా. 8 మిల్లీమీటర్ల స్టడ్డుకు 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు, 10 మిల్లీమీటర్లకు 40 నుంచి 50 మధ్య ఉండటం మామూలు. టార్క్ రెంచి అద్దెకైనా తెచ్చుకోండి.

టర్బో మార్చినా, అదే తిరిగి బిగించినా నూనె ఫీడ్ పైపును, దాని బాంజో బోల్టునూ (నూనె పోయే చిల్లున్న బోల్టు) బొగ్గు లేకుండా చూడాలి. లోపల పెచ్చులుంటే కడగడం కంటే పైపు మార్చడమే మేలు. పైపును టర్బో దగ్గర విప్పి సీసాలో పెట్టి, ఇంధనం కట్ చేసి ఇంజన్‌ను స్టార్టర్‌తో తిప్పితే నూనె ధారగా పడాలి, చుక్కలుగా కాదు. రిటర్న్ పైపు నిటారుగా, మెలిక లేకుండా దిగాలి. నూనె జాయింట్లకు సిలికాన్ పేస్ట్ రాయకూడదు. పిండినప్పుడు లోపలికి పొంగిన ముక్క ఊడి ఫీడ్ చిల్లుకు అడ్డం పడితే కొత్త టర్బో నిమిషాల్లో పోతుంది. ఈ ఒక్క తప్పుతో పోయిన టర్బోలకు వారంటీ రాదు, కంపెనీ వాడు విప్పగానే ఆ ముక్క చూపిస్తాడు.

ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కొత్తవి వేయాలి. పాత టర్బో చక్రం విరిగి ఉంటే ఆ ముక్కలు ఇంటర్‌కూలర్‌లో ఉంటాయి. దాన్ని దించి కడిగి, ఆరబెట్టి పెట్టాలి. ఫీడ్ చిల్లులో శుభ్రమైన ఇంజన్ ఆయిల్ పోసి, చక్రాన్ని చేత్తో నాలుగు చుట్లు తిప్పి పైపు బిగించాలి. ఇంధనం కట్ చేసి, ఆయిల్ లైటు ఆరేవరకు పది సెకన్ల చొప్పున స్టార్టర్ తిప్పాలి. తర్వాత స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఐడిలింగ్‌లోనే ఉంచాలి. యాక్సిలరేటర్ ముట్టుకోకూడదు. జాయింట్ల దగ్గర మొదట కాస్త పొగ వస్తుంది, చేతుల నూనె కాలడమే అది.

ట్రయల్‌కు వెంటనే తిరుమల ఘాట్ ఎక్కించొద్దు, మధ్యలో ఆగితే వెనక బండ్లన్నీ ఆగుతాయి. చంద్రగిరి వైపు చదునైన రోడ్డు మీద అరగంట తిప్పి, ఆయిల్ లెవెల్ చూసి, ఆ తర్వాత లోడు లేకుండా భాకరాపేట ఘాట్ ఎక్కించండి. వేస్ట్‌గేట్ హోస్‌లో టీ ముక్కతో బూస్ట్ గేజ్ కలిపి, మూడో గేరులో పూర్తి యాక్సిలరేటర్ మీద చూస్తే ఈ తరం బండ్లలో సుమారు 0.7 నుంచి 1 బార్ మధ్య ముల్లు నిలబడాలి. బండి పూర్తిగా చల్లారాక మర్నాడు పొద్దున మ్యానిఫోల్డ్ నట్లు ఒకసారి అదే టార్క్‌తో సరిచూడండి. స్టార్ట్ చేసి మొదటి నిమిషం బానెట్ ఎత్తి వినండి. టిక్ శబ్దం లేకపోతే హీట్ షీల్డ్ బిగించి బండి ఇచ్చేయవచ్చు.